కప్పు టీ తీర్పులు

"కోడింగ్ ఈజ్ నాట్ ఎవ్రీవన్స్ కప్ ఆఫ్ టీ." ఇంటర్వ్యూలో కుర్రాడు కాస్త తడబడితే చాలు, వాడు బయటికెళ్ళగానే ప్యానెల్లో ఎవరో ఒకాయన ఈ ముక్క వదుల్తాడు. మిగతావాళ్ళు తలూపుతారు. వాడి పని సరి!

అయ్యా, అసలు ఆ నుడికారానికి అర్థం "ఇది నా అభిరుచి కాదు" అని. అంతే. 1930ల నాటికే బ్రిటన్లో వాడుకలో ఉంది. హారర్ సినిమాలు నా కప్ ఆఫ్ టీ కాదు అంటే అది నా ఇష్టం, నా గురించి నేను చెప్పుకుంటున్నా. మనవాళ్ళు మాత్రం దాన్ని "అందరి వల్లా అయ్యే పని కాదు" అనడానికి వాడేస్తున్నారు.

భాషన్నాక మారుతుంది కదా అంటారా? మారనివ్వండి. నా గొడవ గ్రామరుతో కాదు. "నీకు ఫలానాది రాదు" అంటే అవతలివాడు నేర్చుకుని మళ్ళీ రాగలడు. ఏది రాదో మనమూ చూపించాలి. కప్పు టీ అనేస్తే ఆ బాధ్యత లేదు. తీర్పేమో సామర్థ్యం మీద, మాటేమో అభిరుచిది.

తాడిమర్రి నుంచో ధర్మవరం నుంచో బెంగుళూరు బస్సెక్కిన పిల్లాణ్ణి తీసుకోండి. పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అక్కడ రైతు వేరుశనగ వేసేది ముచ్చటపడి కాదు, ఆ వానకి నిలబడే పంటలు తక్కువ గనక. ఊళ్ళో టీ అంగడిలోనూ పాలు, చక్కెర, పొడి కలిపి మరిగించిన గిన్నె ఒకటే, అందరికీ అదే. ఎంచుకునే వీలు అంతంతమాత్రంగా ఉన్నచోట పెరిగినవాడు ఇంగ్లీషులో జవాబు చెప్పలేక ఆగిపోతే, అది లాజిక్ రాకపోవడమా? అభిరుచి లేకపోవడమా?

ఇంకో తమాషా. ఇదే పెద్దమనుషులు డాక్యుమెంటేషన్ రాయమంటే "నాట్ మై కప్ ఆఫ్ టీ" అని తప్పుకుంటారు. తమ దగ్గరికొస్తే ఇష్టాయిష్టాలు, ఎదుటివాడి దగ్గరికొస్తే చేతకానితనం!

నచ్చదు, రాదు, కుదరదు, నా చేత కాదప్పా... మనకి దేని మాట దానికి ఉంది. ఈసారి ఫీడ్‌బ్యాక్ రాసేటప్పుడు "రికర్షన్ దగ్గర ఆగాడు, ఎస్‌క్యూఎల్ జాయిన్లు రాలేదు" అని రాయండి. ఆ కుర్రాడికి కూడా చెప్పండి. ఆర్నెల్లలో నేర్చుకొస్తాడు. టీ సంగతి తర్వాత, వన్ బై టూ చెప్పుకుని తాగుదాం.