రొయ్య తలకు వెల కట్టేదెవరు?

ఏనుగు బ్రతికినా వేయే, చచ్చినా వేయే అని తెలుగునాట ఒక సామెత ఉన్నది. చేపకు మాత్రం చిరకాలం ఆ గౌరవం దక్కలేదు. కండ అమ్ముడుపోయిన పిదప మిగిలిన తల, తోలు, ముల్లు, పొలుసు, ప్రేగులను కర్మాగారాలు చెత్తగానే పరిగణిస్తూ వచ్చాయి. ఇటీవలి దశాబ్దాలలో ఆ దృష్టి మారుతున్నది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కల ప్రకారం 2022లో ప్రపంచంలో తయారైన చేపపిండిలో 34 శాతం, చేపనూనెలో 53 శాతం ఇటువంటి మిగులు పదార్థాల నుండే వచ్చినవి. ఈ మార్పు శాస్త్రజ్ఞులకు, వర్తకులకు మాత్రమే సంబంధించినది కాదు. ప్రవాసాంధ్ర కుటుంబాలకూ ఇందులో రెండు విధాల సంబంధం ఉన్నది: ఒకటి పుట్టిన గడ్డ ద్వారా, మరొకటి ఇంటిలోని మందుల అలమర ద్వారా.

అమెరికాలోని అంగడిలో కొన్న శీతలీకృత రొయ్యల సంచి మీద భారతదేశపు పేరు ఉంటే, ఆ రొయ్య గోదావరి, కృష్ణా, నెల్లూరు ప్రాంతాలలో ఏదో ఒక చెరువులో పెరిగినదై ఉండే అవకాశం ఎక్కువ. భారతదేశపు చెరువు రొయ్యలలో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌దే. సంచిలోని రొయ్యకు తల ఉండదు, తరచు పెంకు కూడా ఉండదు. ఆ రెండూ కలిపితే రొయ్య బరువులో 40 నుండి 50 శాతం. అంటే కండ సముద్రాలు దాటిపోగా, దాదాపు అంతే బరువు గల పదార్థం కోస్తా తీరంలోనే మిగిలిపోతున్నది. దానిని ఏమి చేస్తున్నారు, ఏమి చేయాలి అన్నదే అసలు ప్రశ్న.

ఆ పెంకులో ప్రధానంగా ఉండేవి మూడు: మాంసకృత్తులు, సున్నపు లవణాలు, కైటిన్. 1811లో ఆన్రీ బ్రాకోనో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కైటిన్‌ను మొదట పుట్టగొడుగులలో గుర్తించాడు. పెంకును సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెడితే సున్నం కరిగిపోతుంది, సజల క్షారంలో వేడిచేస్తే మాంసకృత్తులు విడిపోతాయి, మిగిలేది కైటిన్. దానిని గాఢమైన వేడి క్షారంలో మరల కాచితే కైటోసాన్ అవుతుంది. ఈ కైటోసాన్‌కు ఒక అరుదైన గుణం ఉన్నది. ఆమ్ల ద్రవంలో దాని అణువులు ధనావేశం పొందుతాయి. ఎర్ర రక్తకణాల ఉపరితలం ఋణావేశం గలది. ఈ రెండింటి ఆకర్షణ వలన రక్తం త్వరగా చిక్కబడి గాయం మూసుకుంటుంది. ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధాలలో అమెరికా సైనికుల గాయాలకు కట్టిన పట్టీలలో ఈ పదార్థంతో చేసినవీ ఉన్నాయి. నీటిని శుద్ధి చేయుటకు, పంటల రక్షణకు కూడా కైటోసాన్ ఉపయోగపడుతున్నది. తల నుండి మాంసకృత్తులను, ఆస్టాజాంథిన్ అనే ఎర్రని వర్ణకాన్ని విడిగా తీయవచ్చు.

ఈ విద్య భారతదేశానికి కొత్త కాదు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ కైటిన్ తయారీ పద్ధతులను దశాబ్దాల క్రిందటనే రూపొందించినది. ఆ సంస్థకు విశాఖపట్నంలోనూ పరిశోధన కేంద్రం ఉన్నది. లోపం విజ్ఞానంలో లేదు, వ్యవస్థలో ఉన్నది. రొయ్య తలలో జీర్ణగ్రంథి ఉంటుంది. అందులోని ఎంజైముల వలన తల కండకన్నా త్వరగా నల్లబడి కుళ్ళిపోతుంది. కండకు మంచు పెట్టి, తలను గంపలో ఎండకు వదిలివేస్తే సాయంత్రానికి అది దుర్గంధం తప్ప మరేమీ కాదు. చెత్తకూ ముడిసరుకుకూ మధ్య ఉన్న భేదం కొంత మంచు, కొన్ని గంటల కాలం మాత్రమే.

ఈ భేదాన్ని గ్రహించిన దేశం ఐస్‌లాండ్. అక్కడ కాడ్ చేప తలలను, వెన్నుముళ్ళను భూగర్భపు వేడితో ఎండబెట్టి నైజీరియాకు ఎగుమతి చేస్తారు. అక్కడివారు వాటిని పులుసులలో ఇష్టంగా వండుకుంటారు. కాలేయం నుండి నూనె, తోలు నుండి కొల్లాజెన్ తీస్తారు. ఇసాఫ్యోర్దుర్ అనే చిన్న రేవు పట్టణంలో పుట్టిన కెరెసిస్ అనే సంస్థ కాడ్ తోలును శుద్ధిచేసి మానని పుండ్లపై, కాలిన గాయాలపై అతికే పొరగా మార్చినది. 2023లో డెన్మార్క్‌కు చెందిన కోలోప్లాస్ట్ సంస్థ దానిని గరిష్ఠంగా 130 కోట్ల డాలర్లు చెల్లించే ఒప్పందంతో కొనుగోలు చేసినది. ఒకనాడు పారవేసిన తోలుకు పలికిన వెల అది.

ఇంతవరకు విన్నవారు, ఆంధ్ర తీరమంతటా కైటిన్ కర్మాగారాలు వెలిస్తే చాలునని అనుకోవచ్చు. అక్కడే జాగ్రత్త అవసరం. వ్యర్థాన్ని అర్థంగా మార్చే ప్రతి పనీ మేలైనది కాదు. మూడు షరతులు నెరవేరినప్పుడే దానిని స్వాగతించాలి.

మొదటిది నీరు. కైటిన్ తీయుటకు ఆమ్లం, క్షారం, పుష్కలంగా మంచినీరు కావాలి. వాడిన నీటిని శుద్ధి చేయకుండా కాలువలోకి వదిలితే, చెత్త సమస్య తీరి కాలువ సమస్య మొదలవుతుంది. ఆమ్లానికి బదులు లాక్టిక్ కిణ్వనం, ఎంజైముల పద్ధతులు ఉన్నాయి. అవి నెమ్మదైనవైనా మృదువైనవి. శుద్ధి ఖర్చును లెక్కలో చేర్చిన పిదప కూడా లాభం మిగిలితేనే అది నిజమైన లాభం.

రెండవది మేత. చేపల మిగులును తిరిగి మేతలో కలుపుట సులభమైన దారి. కాని రొయ్య తలను రొయ్యకే మేపితే రోగం ఒక చెరువు నుండి మరొక చెరువుకు చేరే ప్రమాదం ఉన్నది. ఐరోపా సమాఖ్య పెంపకపు చేపల మాంసకృత్తులను అదే జాతికి మేపుటను నిషేధించినది. 1990 దశకంలో తెల్లమచ్చల రోగం తెచ్చిన నష్టాన్ని చూసిన ఆంధ్ర రైతుకు ఈ విషయం వేరుగా చెప్పనవసరం లేదు.

మూడవది, ముఖ్యమైనది, పనిచేసే చేతులు. రొయ్యల తలలు త్రుంచి పెంకులు వలిచేవారిలో అత్యధికులు స్త్రీలు. గంటల తరబడి చల్లని నీటిలో, మంచులో తడిసేవి వారి చేతులే. తల శుభ్రంగా, చల్లగా కర్మాగారానికి చేరాలంటే దానిని వేరుచేసి భద్రపరచే అదనపు శ్రమ కూడా వారిదే అవుతుంది. పెంకుకు వెల వచ్చి, వలిచిన చేతికి కూలి పెరగకపోతే అది శాస్త్ర విజయం అనిపించుకోదు. ఆ స్త్రీల సహకార సంఘాలకే పెంకుపై హక్కు కల్పించి, తలసరుకు అమ్మకంలో వాటా ఇవ్వడం న్యాయం.

పెంకు వలన చిన్న రైతుకూ రక్షణ ఉన్నది. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ వస్తువులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఒకే సరుకును ఒకే విపణికి అమ్ముకొనుట ఎంత ప్రమాదమో చెరువు గట్టు మీది రైతుకు తెలిసివచ్చినది. కండకు ధర పడిపోయిన ఏడు పెంకు కొంత ఆదుకోగలిగితే, అది చిన్న మేలు కాదు.

ఇక మందుల అలమర సంగతి. మోకాళ్ళ నొప్పులకు వాడే గ్లూకోసమైన్ బిళ్ళలలో అనేకం రొయ్య, పీత పెంకుల కైటిన్ నుండి చేసినవే. స్వదేశం నుండి వచ్చిన శాకాహారులైన తల్లిదండ్రులకు పిల్లలు ప్రేమతో కొనిచ్చే సీసాలో ఏమున్నదో ఆ పెద్దలకు తెలియకపోవచ్చు. ఆ పైన, 2006లో ప్రకటింపబడిన అమెరికా ప్రభుత్వ పరీక్షలో ఆ బిళ్ళ మొత్తం మీద ఉత్తుత్తి బిళ్ళకన్నా చెప్పుకోదగినంత మేలు చేయలేదని తేలినది. చేపనూనె గుళిక పైపొర తరచు పశువుల జెలటిన్‌తో చేసినది. శాకాహారులకు మొక్కజొన్న కిణ్వనం ద్వారా చేసిన గ్లూకోసమైన్, సముద్రపు సూక్ష్మ నాచు నుండి తీసిన ఒమేగా-3 నూనె దొరుకుతున్నాయి. రొయ్య పడనివారికి ఈ ఎరుక ఆచారానికే కాదు, ప్రాణానికీ సంబంధించినది. అమెరికాలో 2006 నుండి పెంకు జీవుల పేరును సీసాపై ముద్రించుట తప్పనిసరి. చదివే ఓపిక ఇంటివారిదే.

నిజానికి గోదావరి వంటింటికి ఈ శాస్త్రం కొత్తది కాదు. చేప తలకాయ పులుసు, జన వేపుడు, రొయ్యపొట్టు కూర ఎరిగిన అమ్మమ్మలు దేనినీ పారవేయలేదు. వారి పొదుపులో నీరు చెడలేదు, ఒకరి శ్రమ మరొకరి లాభం కాలేదు. కర్మాగారం ఆ వంటింటి నుండి నేర్వవలసినది చేప తలను వాడుకొనుట ఒక్కటే కాదు. తలను త్రుంచిన చేతిని గుర్తుంచుకొనుట కూడా.