వినికిడియే గురువు

జాజ్ సంగీతానికి ప్రాణం మనోధర్మం. వాద్యకారుడు అప్పటికప్పుడు కల్పించి వాయించే స్వరధార ధ్వనిముద్రణలోనే నిలిచి ఉంటుంది. అందుచేత ట్రంపెట్ అభ్యసించేవారు పూర్వ విద్వాంసుల రికార్డులను విని, ఆ స్వరాలను తామే రాసుకోవడం పరిపాటి. అచ్చయిన స్వరలిపి పుస్తకాలు దొరుకుతుండగా ఈ శ్రమ ఎందుకని కొందరు ప్రశ్నిస్తారు. తప్పొప్పులు సరిచూసుకోవడానికి పుస్తకం ఉపకరిస్తుందన్న మాట నిజమే. అయితే లిపి స్వరస్థానాన్ని చూపినంత స్పష్టంగా లయలోని ఊగును, నాదంలోని ఆర్ద్రతను చూపలేదు. 1928లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ ఆరంభంలో తోడు వాద్యాలు లేకుండా వాయించిన భాగంలోని ఠీవి చెవికే బోధపడుతుంది.

ఎంపికలోనూ వివేకం అవసరం. క్లిఫర్డ్ బ్రౌన్ వేగాన్ని తొలినాడే అందుకోబోయిన విద్యార్థికి నిరాశే మిగులుతుంది. 1959లో మైల్స్ డేవిస్ ‘సో వాట్’లో వాయించిన భాగంలో స్వరాలు మితం, విరామాలు అధికం, ప్రారంభ దశకు అది అనువైనది. విన్న భాగాన్ని ముందు నోటితో పాడి, పిదప వాయించి, చివరకు రాయాలి. నచ్చిన స్వరసంచారాన్ని వేర్వేరు శ్రుతులలో సాధన చేయాలి. అప్పుడు పరుల పలుకుబడి క్రమంగా తన భావానికి భాష అవుతుంది. పుస్తకం చూసి వాయించేవాడికి పాట వస్తుంది. విని రాసుకొన్నవాడికి పాట కట్టడం వస్తుంది.