రహస్యం బిడ్డ కోసం కాదు

2025 జూలైలో సికింద్రాబాద్‌లో ఒక ఫెర్టిలిటీ సెంటర్ వ్యవహారం బయటపడింది. సరోగసీ బిడ్డ అని దంపతుల చేతిలో పెట్టిన శిశువుకూ వాళ్ళకూ రక్తసంబంధమే లేదని డీఎన్‌ఏ పరీక్షలో తేలిందని పోలీసులు చెప్పారు. ఆ తర్వాత జరిగిన చర్చంతా దంపతులు పోగొట్టుకున్న డబ్బు గురించి, లైసెన్సుల గురించి, దళారుల గురించి. బిడ్డ గురించి కాదు. వీర్యం, అండం ఇచ్చే దాతల వల్ల పుట్టే పిల్లలకు తమ పుట్టుక తెలుసుకునే హక్కు ఉందా అని ఎవరైనా అడిగితే చాలు, పాత మాటే ఎదురొస్తుంది: పెంచినవాళ్ళే అమ్మానాన్నలు, దాత ఎవరో తెలుసుకుని ఏం చేసుకుంటారు? వినడానికి పెద్దమనిషి మాటలా ఉంటుంది. కానీ ఒక మనిషి పుట్టుకను ఇంకెవరో తాళం వేసి దాచి, నీకెందుకని అదే మనిషిని అడగడం పెద్దరికం కాదు, దబాయింపు.

ఈ దబాయింపుకు మన చట్టమే అండగా నిలబడింది. 2021 నాటి సహాయక పునరుత్పత్తి (ఏఆర్‌టీ) నియంత్రణ చట్టం ప్రకారం వీర్యం, అండాలు సేకరించే బ్యాంకు ప్రతి దాత పేరు, చిరునామా, ఆధార్ నంబరు తీసుకోవాలి. రికార్డులను కనీసం పదేళ్ళు భద్రపరిచి, ఆపైన జాతీయ రిజిస్ట్రీకి అప్పగించాలి. అంటే బ్యాంకుకు తెలుసు, రిజిస్ట్రీకి తెలుసు. తెలియనిది ఆ కణంతో ప్రాణం పోసుకున్న మనిషికి మాత్రమే. కోర్టు ఆదేశిస్తేనో, వైద్యపరంగా అత్యవసరమైతేనో గోప్యత సడలుతుంది. ఆ అత్యవసరంలో కూడా అడగాల్సింది చికిత్స చేయించుకున్న దంపతులట! పాతికేళ్ళు నిండి, తన ఒంట్లో రోగం మూలం వెతుక్కుంటున్న బిడ్డ ఊసే అక్కడ లేదు. ఇంతకన్నా సిగ్గుచేటు ఇంకొకటుంది. 2005లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇచ్చిన మార్గదర్శకాలు, పేరూ చిరునామా తప్ప దాతకు సంబంధించిన మిగతా సమాచారాన్ని 18 నిండిన బిడ్డ అడగవచ్చని ఒప్పుకున్నాయి. పదహారేళ్ళ తర్వాత వచ్చిన చట్టంలో ఆ కాస్త హక్కు కూడా లేదు. దత్తత సంగతి చూడండి. కన్నవారి గోప్యతకు షరతులున్నా, 18 నిండిన దత్త సంతానం తన మూలాల కోసం స్వయంగా దరఖాస్తు పెట్టుకోవచ్చని నిబంధనలే చెబుతున్నాయి. వీలైనంతవరకు తల్లిదండ్రులెవరో తెలుసుకునే హక్కు బిడ్డకుందన్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను మన దేశం 1992లోనే ఆమోదించింది. దత్తత బిడ్డకు తెరిచిన తలుపు ల్యాబులో రూపుదిద్దుకున్న బిడ్డకు ఎందుకు మూశారు?

ఎందుకంటే ఈ రహస్యం బిడ్డ కోసం పుట్టలేదు, మగవాడి పరువు కోసం పుట్టింది. లోపం భర్తలో ఉన్నా ఊరి నోట్లో పడేది భార్యే. గొడ్రాలన్న మాట పడేది ఆమె, పేరంటానికి పిలుపు అందనిది ఆమెకు, మొక్కులు మొక్కేది ఆమె, ఇంజెక్షన్లు పొడిపించుకునేది ఆమె. వీర్యకణాలు లేవన్న రిపోర్టు మాత్రం బీరువా అడుగుకు పోతుంది. దాత వీర్యం వాడిన సంగతి అత్తమామలకు తెలియకూడదు, తోబుట్టువులకు తెలియకూడదు, చివరికి బిడ్డకూ తెలియకూడదు. ఈ మౌనాన్ని కుటుంబ క్షేమం అంటున్నారు. ఒక మగవాడి గర్వాన్ని కాపాడే బరువును అబద్ధంగా మార్చి భార్య నెత్తిన, ఇంకా కళ్ళు తెరవని పసిగుడ్డు నెత్తిన పెట్టడం క్షేమం ఎలా అవుతుంది? పోనీ, దాత వివరాలు ఎవరికీ అక్కర్లేదా అంటే అదీ కాదు. ఎంపిక చేసుకునేటప్పుడు రంగు కావాలి, ఎత్తు కావాలి, చదువు కావాలి, కులం ఆరా తీసేవాళ్ళూ ఉన్నారు. పెద్దలకు దాత గురించి అన్నీ కావాలి. బిడ్డ అడిగితే మాత్రం రక్తానిదేముంది అంటూ వేదాంతం మొదలవుతుంది.

ఇంకొందరు నియోగాన్ని, అంటే భర్త బదులు వేరొకరి ద్వారా సంతానం పొందే పాత ఆచారాన్ని, అడ్డం తెస్తారు. మన భారతంలోనే ఉంది, ఇదేమీ కొత్త కాదంటారు. భారతం సరిగా చదివినవాళ్ళు ఆ మాట అనలేరు. ధృతరాష్ట్రుడూ పాండురాజూ విదురుడూ ఎవరి వల్ల పుట్టారో కురువంశంలో దాపరికం లేదు. వ్యాసుడు ఆ ఇంటికి వస్తూ పోతూనే ఉన్నాడు. దాచింది కర్ణుడి పుట్టుకను. యుద్ధం ముంగిట గానీ అతనికి నిజం చెప్పలేదు. ఆ దాపరికానికి ఎవరెవరు ఏ మూల్యం చెల్లించారో తెలుగువాళ్ళకు వేరే చెప్పాలా?

పేరు బయటపడితే ఆస్తి గొడవలొస్తాయన్న భయానికి చట్టంలోనే జవాబుంది: బిడ్డ ఆ దంపతుల సొంత బిడ్డే, దాతకు ఏ హక్కూ లేదు. దాతలు దొరకరన్న వాదన కూడా నిలవదు. స్వీడన్ 1985లోనే అజ్ఞాత వీర్యదానానికి స్వస్తి చెప్పింది, బ్రిటన్ 2005లో చెప్పింది. అక్కడ దాతల కణాలతో చికిత్సలు ఆగిపోలేదు. ఒక దాత కణాలు ఒక్క జంటకే ఇవ్వాలన్న మన నియమం మంచిదే. కానీ ఆ నియమం పాటించారో లేదో బిడ్డకు తెలిసే దారేది? అమెరికాలోని ఇండియానాలో ఒక వైద్యుడు తన వీర్యాన్నే రోగులకు ఎక్కించాడు. దశాబ్దాల తర్వాత పిల్లలు ఇళ్ళలో చేసుకున్న డీఎన్‌ఏ పరీక్షలే దాన్ని బయటపెట్టాయి. క్లినిక్కులు చెప్పలేదు, ప్రభుత్వమూ కనిపెట్టలేదు. లాలాజలం పంపితే బంధువుల జాబితా వచ్చే కాలంలో శాశ్వత రహస్యాన్ని వాగ్దానం చేయడం పచ్చి అబద్ధం. నిజం ఎలాగూ బయటపడుతుంది. కన్నతల్లి నోట వినాల్సింది ఏదో కంపెనీ ఈమెయిల్‌లో చదవాల్సి వస్తుంది, అంతే తేడా.

చట్టాన్ని సవరించాలి. 18 నిండిన బిడ్డ అడిగితే జాతీయ రిజిస్ట్రీ జవాబివ్వాలి. ఆరోగ్య చరిత్ర వెంటనే ఇవ్వాలి. ఇకమీదట వచ్చే దాతల దగ్గర పేరు వెల్లడికి కూడా ముందే సమ్మతి తీసుకోవాలి. ఇప్పటికే గోప్యత హామీతో ఇచ్చినవారి విషయంలో ఏ పద్ధతి న్యాయమో పార్లమెంటు తేల్చాలి. దంపతులకు సంతానం కలగడం గొప్ప సంతోషమే, దాన్ని ఎవరూ తక్కువ చేయడం లేదు. కానీ ఈ ఒప్పందంలో దంపతులు సంతకం చేశారు, దాత చేశాడు, క్లినిక్ చేసింది. సంతకం చేయని ఒకే ఒక్కరి నోరు మూయించే హక్కు ఆ ముగ్గురిలో ఎవరికీ లేదు.