లెక్క తేలకుండానే ముగిసిన కథ

2009 మార్చి 17న న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయంలో ఒక టీవీ సీరియల్ మీద చర్చ జరిగింది. మానవ హక్కులు, ఉగ్రవాదం, యుద్ధంలో నలిగిపోయే పిల్లల గురించి మాట్లాడటానికి దాని నిర్మాతలనూ ముఖ్య నటులనూ పిలిచారు. ఆ సీరియల్ పేరు ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’. సరిగ్గా మూడు రోజులకు, మార్చి 20న, దాని ఆఖరి ఎపిసోడ్ ‘డేబ్రేక్’ ప్రసారమైంది. టీవీలో వచ్చిన సైన్స్ ఫిక్షన్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సీరియల్ ఇది. ఆ ముగింపు దానికి చేసిన అన్యాయం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కథ తెలియకుండా చూడాలనుకునేవారు ఇక్కడితో ఆగి, చూశాక మిగతాది చదవండి.

మనుషులు తయారుచేసిన యంత్రాలు, పేరు సైలాన్లు, ఒకనాడు తిరగబడి 12 గ్రహాల మీద అణుబాంబులు కురిపిస్తాయి. వందల కోట్ల జనంలో బతికి బయటపడేది సుమారు 50 వేల మంది. విధుల నుంచి తప్పించి మ్యూజియంగా మార్చబోతున్న పాత యుద్ధనౌక గెలాక్టికా అండతో వాళ్లు భూమి అనే ఇంటిని వెతుక్కుంటూ బయల్దేరతారు. 1978లో గ్లెన్ లార్సన్ తీసిన సీరియల్‌ను రొనాల్డ్ మూర్, డేవిడ్ ఐక్ 2003లో కొత్తగా మొదలుపెట్టారు. పాతదాంట్లో అది సాహసగాథ. వీళ్ల చేతిలో అది ఒక సమాజం కథ అయింది.

దానికి కారణం లెక్క. ఎన్నో ఎపిసోడ్ల మొదట్లో ఇంకా ఎందరు బతికున్నారో తెర మీద అంకె పడేది. హ్యూగో అవార్డు అందుకున్న ‘33’ అనే ఎపిసోడ్‌లో ప్రతి 33 నిమిషాలకోసారి శత్రువు వచ్చిపడుతుంటాడు. ఐదు రోజులుగా ఎవరికీ కంటి మీద కునుకు లేదు. చివర్లో ఒక ఓడలో పిల్లాడు పుట్టాడని కబురొస్తుంది. అధ్యక్షురాలు లారా రోజ్లిన్ బోర్డు దగ్గరకు వెళ్లి 47,972ను 47,973గా దిద్దుతుంది. ఒక్క అంకె మార్చి ఇంత ఆశ పుట్టించిన సన్నివేశం నేను మరెక్కడా చూడలేదు.

ఆ తర్వాత కూడా ఈ కథ ఏదీ ఉచితంగా ఇవ్వలేదు. నీళ్లు అయిపోతే వెతకాలి. ఇంధనం శుద్ధిచేసే ఓడలో పిల్లలు పనిచేస్తుంటే కార్మికులు సమ్మెకు దిగుతారు. జనాభా తగ్గిపోతోందని, తన జీవితమంతా నమ్మినదానికి విరుద్ధంగా, రోజ్లిన్ గర్భస్రావాన్ని నిషేధిస్తుంది. ఎన్నికలు జరుగుతాయి, రిగ్గింగు జరుగుతుంది, ఆ తప్పు బయటపడుతుంది కూడా. 2006లో, అమెరికా సేనలు ఇరాక్‌లో ఉండగా, సైలాన్ల ఆక్రమణలో నలుగుతున్న మనుషులే ఆత్మాహుతి దాడులకు దిగినట్టు చూపించారు. అమెరికా ప్రేక్షకుడిని అవతలి పక్షాన నిలబెట్టి ఆలోచింపజేసే తెగువ అప్పట్లో వార్తా చానళ్లకే లేదు.

ముగింపులోనూ మంచి ఉంది. మనిషికీ సైలాన్‌కూ పుట్టిన హేరా అనే పసిపిల్లను విడిపించడానికి గెలాక్టికా శత్రు స్థావరాన్ని ఢీకొట్టడం గొప్ప ఘట్టం. సైలాన్లతో సంధి కుదిరే క్షణంలో గెలాక్టికా మెకానిక్ టిరల్‌కు తన భార్యను చంపిందెవరో తెలుస్తుంది, అతడి కోపంతో ఆ సంధి అక్కడికక్కడే కుప్పకూలుతుంది. ఇది ఈ కథ స్వభావానికి తగ్గ మలుపు. మొదటి రోజునే తనకు క్యాన్సర్ అని తెలుసుకున్న రోజ్లిన్, చివరికి దొరికిన పచ్చని నేల మీదుగా చిన్న నౌకలో ఎగురుతూ, గెలాక్టికా సేనాని అడామా పక్కన కన్నుమూసినప్పుడు నా కళ్లు చెమర్చాయి. మేరీ మెక్‌డొనెల్, ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్ ఆ సన్నివేశానికి ప్రాణం పోశారు.

చిక్కంతా ఆ నేల మీద దిగాక మొదలైంది. మిగిలినవాళ్లు దాదాపు 38 వేల మంది. అడామా కొడుకు లీ ఒక ప్రతిపాదన పెడతాడు: నగరాలు వద్దు, యంత్రాలు వద్దు, ఓడలన్నిటినీ సూర్యుడిలోకి పంపేద్దాం. అందరూ సరేనంటారు. ఓటింగు లేదు, వాదన లేదు. సైలాన్లలో ఒక వర్గంతో పొత్తు నచ్చక అంతకు కొద్ది వారాల ముందు ప్రసారమైన ఎపిసోడ్లలోనే తిరుగుబాటు చేసిన జనం వీళ్లు! ఇంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నారని ఒక పాత్ర ఆశ్చర్యపోతుంది. అన్నీ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలన్న కోరిక ఎంత బలమైనదో తెలుసుకోమని లీ జవాబిస్తాడు. నాగరికతను వదిలేసుకునే నిర్ణయానికి రచయిత ఇచ్చిన సంజాయిషీ ఆ ఒక్క మాటే.

ఆ ఓడలతో పాటే మందులు పోయాయి, కాన్పు కష్టమైతే ఆదుకునే ఆసుపత్రి పోయింది. మధుమేహం ఉన్నవాళ్లు, నెలలు నిండిన తల్లులు, పాలు తాగే పిల్లలు ఆ 38 వేల మందిలో ఉండరా? మొదటి వానాకాలం దాటి ఎందరు మిగిలారు? నాలుగు సీజన్ల పాటు ప్రతి ప్రాణానికీ లెక్క చెప్పిన కథ, సరిగ్గా చెప్పాల్సిన చోట నోరు మూసుకుంది. ఒకరినొకరు అంటిపెట్టుకుని ఉండబట్టే బతికిన మనుషులు తలో దిక్కుకూ విడిపోతారు. టిరల్ ఒంటరిగా ఉత్తరాన ఒక దీవికి వెళ్తాడు. అడామా కన్నకొడుకును సైతం శాశ్వతంగా వదిలి వెళ్తాడు. దీన్ని ప్రశాంతతగా చూపించారు. నాకు అది ఆ సమాజం చెదిరిపోవడంగానే కనిపించింది.

ఇక గెలాక్టికా పైలట్ కారా థ్రేస్. మూడో సీజన్‌లో ఆమె విమానం పేలిపోయింది, సీజన్ చివర్లో ఆమె క్షేమంగా తిరిగొచ్చింది. నాలుగో సీజన్‌లో తన శవాన్ని తానే కనుగొని, దహనం చేసింది. మరి తానెవరు? ఈ ప్రశ్న ఆమెను ఎలా కాల్చిందో కేటీ శాకాఫ్ ముఖంలో నెలల తరబడి చూశాం. ముగింపులో ఆమె గడ్డిమైదానంలో లీతో మాట్లాడుతూ ఉంటుంది. అతడు తల తిప్పి చూసేసరికి మాయమవుతుంది. జవాబు అంతే.

ఇలాంటి చిక్కులను దైవలీలగా వదిలేసిన ఈ ముగింపును మెచ్చేవాళ్ల వాదన ఒకటుంది. దైవం ఈ కథలో మొదటి నుంచీ ఉంది, శాస్త్రవేత్త బాల్టర్‌కు మాత్రమే కనిపించే స్త్రీ ఉంది, ప్రాచీన గ్రంథాల జోస్యాలున్నాయి, ఇప్పుడు కొత్తగా దేవుణ్ణి తెచ్చారనడం అన్యాయం అంటారు. దైవం మొదటినుంచీ ఉన్నమాట నిజం. కానీ అంతవరకూ విశ్వాసం మనుషుల చేత పనులు చేయించింది, తప్పులూ చేయించింది, ఆ ఫలితం వాళ్లే అనుభవించారు. చివర్లో అదే విశ్వాసాన్ని రచయిత తాను విప్పలేని ముడుల మీద కప్పేశాడు. ఆ ఎపిసోడ్ రాస్తూ కథ ముందుకు సాగక ఇబ్బందిపడినప్పుడు, ముఖ్యం పాత్రలే అని తనకు తాను బోర్డు మీద రాసుకున్నట్టు మూర్ చెప్పారు. మంచి సూత్రమే. అయితే కారా కన్నా ముఖ్యమైన పాత్ర ఏది? తానెవరో తెలుసుకోవాలన్న తపనే ఆమె పాత్ర. దాన్ని తీర్చకుండా పాత్రకు న్యాయం చేశాననడం కుదరదు.

చివరి సన్నివేశం మరో పొరపాటు. లక్షా యాభై వేల ఏళ్లు గడిచి నేటి న్యూయార్క్ వస్తుంది. హేరాయే మానవజాతి ‘మైటోకాండ్రియల్ ఈవ్’ అని తేలుతుంది. మైటోకాండ్రియా డీఎన్ఏ మనకు తల్లి నుంచే వస్తుంది. తల్లి, ఆమె తల్లి, ఆమె తల్లి అంటూ వెనక్కి వెళ్తే నేటి మనుషులందరి వరసలూ కలిసే స్త్రీని శాస్త్రవేత్తలు అలా పిలుస్తారు. ఆమె కాలంలో ఇంకెందరో స్త్రీలున్నారు, కొడుకుల ద్వారా వాళ్ల వారసత్వం కూడా మనలో ఉంది. ఆమె ఒక్కతే అందరికీ మూలం అనుకోవడం తప్పు. పైగా హేరా నిజంగా ఆ స్త్రీ అయితే, నౌకల్లో వచ్చిన మిగతా స్త్రీలందరి కూతుళ్ల వరస ఎక్కడో ఒకచోట తెగిపోయినట్టే. ఆ విషాదం మీద కథకు దృష్టే లేదు. తర్వాత ఆటబొమ్మల్లాంటి రోబోలను చూపించి, యంత్రాలతో జాగ్రత్త అని హెచ్చరించి ముగించారు. తప్పు యంత్రాలది కాదనీ, తాము సృష్టించినవాటిని బానిసలుగా చూసిన మనుషులదనీ అప్పటిదాకా ఈ సీరియలే మనకు నేర్పింది.

ఏళ్ల తరబడి సాగే కథకు ప్రేక్షకుడు తన సాయంత్రాలు ఇస్తాడు, నమ్మకం ఇస్తాడు. ప్రతి ప్రశ్నకూ జవాబివ్వాలని అతడు అడగడు. నువ్వు పెట్టిన నియమాలను చివరిదాకా నువ్వే పాటించమని అడుగుతాడు. తెలుగులో వెబ్ సిరీస్‌లు రాస్తున్న కొత్త తరానికి నా మనవి అదే: మొదటి ఎపిసోడ్ ఎంత శ్రద్ధగా రాస్తారో, ఆఖరి ఎపిసోడ్ అంతకు రెట్టింపు శ్రద్ధగా రాయండి. పాఠకులకు ఒక మాట. ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ తప్పకుండా చూడండి. ‘33’ ఒక్కటి చూసినా, టీవీ కథ ఎంత ఎత్తుకు ఎదగగలదో తెలుస్తుంది. ఆ ఎత్తు ఎరిగినవాడిగా చెబుతున్నాను, ఆఖరి గంట దానికి తగినది కాదు.