పాడే గొంతులు ఉండగానే

కడపలో బ్రౌన్ దొర పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలను ఎత్తి రాయించాడు. రాతకెక్కింది కాబట్టి ఆ సాహిత్యం మిగిలింది. నోటి మీద నడిచిన పాటకు అలా పూనుకున్నవాళ్లు తక్కువ. 1847లో కోవెలకుంట్లలో ఉరితీసిన నరసింహారెడ్డి కథ, 1866 కరువులో అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి కథ పాడే ముసలివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మా జేజి పాటలు ఆమెతోనే పోయాయి. ఆ బాధతోనే రాస్తున్నాను.

మిగిలిన పాటలనైనా పట్టి ఉంచడానికి, పదివేల లోపు దొరికే చేతి రికార్డరు ప్రతి ఉన్నత పాఠశాలకూ ఒకటి ఇవ్వాలి. ఫోన్ చాలదా అంటారు. కథ మంచి పట్టులో ఉండగా కాల్ వస్తే ఆ ఊపు మళ్లీ రాదు. రికార్డరును పాడేవారికి మూరెడు దూరంలో పెట్టి, ఫ్యాన్ ఆపండి. మన సీమ గాలికి మైకుకు స్పాంజి తొడుగు తప్పనిసరి. ఎంపీ3 వద్దు, వేవ్ ఫైలుగా తీయండి. సీడీ నాణ్యతలో నిమిషానికి సుమారు 10 ఎంబీ, అంటే 32 జీబీ కార్డులో దాదాపు 50 గంటల పాట పడుతుంది. ముందు పాడేవాళ్ల అనుమతి అడగండి. మొదట్లోనే పేరు, ఊరు, తేదీ వాళ్ల నోటనే చెప్పించండి. ఒక ప్రతి బడిలో, ఒకటి పాడినవారి ఇంట్లో, మరొకటి కడప బ్రౌన్ గ్రంథాలయంలో ఉండాలి.