పక్కవాడి నవ్వు

గడ్డపోతారంలో పొద్దున ఆరింటికి ఒకరు పనికెళ్తుంటే ఇంకొకరు ఇంటికొస్తుంటారు. మధ్యాహ్నం రెండింటికి మళ్లీ అదే. రాత్రి పదింటికి మళ్లీ. జిన్నారం, ఖాజీపల్లి, బొల్లారం చుట్టుపక్కల మందుల కంపెనీలూ, రసాయనాల కంపెనీలూ వెలిశాక ఇక్కడ కోడి కూతతో పని లేకుండా పోయింది. ఊరంతటికీ షిఫ్టు గడియారమే. ఒకే గదిలో అద్దెకుండే నలుగురు కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు మెలకువగా చూసుకునేది వారానికి ఒక్కసారి. మిగతా రోజుల్లో ఒకడు లేచేసరికి ఇంకొకడు ముసుగు తన్ని ఉంటాడు. ఇక ఈ ఊరి పేరు పేపర్లో పడిందంటే చెరువు నీళ్ల రంగు గురించో, ఏ రియాక్టరో పేలడం గురించో అయి ఉంటుంది.

ఇలాంటి ఊళ్లో జనమంతా కలిసి ఒక్కసారిగా నవ్వేది ఎప్పుడు?

ఇదేం ప్రశ్న, నవ్వడానికి టైంటేబుల్ ఏమిటి, జేబులో ఫోను ఉందిగా అంటారు. ఉంది. ఫోను చూసి మనం ఎలా నవ్వుతామో ఎప్పుడైనా గమనించారా? ముక్కులోంచి కాస్త గాలి వస్తుంది. పెదవి ఓ పక్కకి జరుగుతుంది. అంతలో వేలు పైకి తోసేస్తుంది, ఇంకో బొమ్మ వస్తుంది. అదీ నవ్వే, కాదనను. కానీ నాటకం చూస్తూ పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ, పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషి భుజమ్మీద ఒక్కటిచ్చి మరీ నవ్విన నవ్వుకీ దానికీ పోలిక లేదు. నవ్వు మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికా శాస్త్రవేత్త, మనిషి ఒంటరిగా ఉన్నప్పటి కంటే నలుగురిలో ఉన్నప్పుడు సుమారు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడని లెక్కగట్టాడు. ఇంగ్లండులో రాబిన్ డన్‌బార్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. కడుపారా నవ్వినవాళ్లు ఆ తర్వాత నొప్పిని ఎక్కువగా ఓర్చుకోగలుగుతున్నారని 2011లో తేల్చింది. అందుకోసం వాళ్లు వీడియోలు చూపించి ఊరుకోలేదు. ఎడిన్‌బరో ఉత్సవంలో ప్రదర్శనలు చూసి వచ్చినవాళ్లనూ పరీక్షించారు.

మన పెద్దవాళ్లకు ఈ లెక్కలు తెలియవు. వాళ్లకు బాగోతం తెలుసు. కోతలైపోయాక ఊరి నడుమ పందిరి వేసి, చిందు వాళ్లు రాత్రంతా ఆడుతుంటే, చాపా గొంగడీ పట్టుకెళ్లి తెల్లారేదాకా కూర్చున్న తరం మెదక్ జిల్లా పల్లెల్లో ఇంకా ఉంది. వాళ్లనడిగి చూడండి. రాజు పద్యాలు గుర్తుండవు. బుడ్డర్‌ఖాన్ చేసిన అల్లరి మాత్రం గుర్తుంటుంది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు కూడా ఆ బాపతే. రాముడు అడవికెళ్లే ఘట్టంలోనైనా సరే, మధ్యలో దూరి ఊరి కబుర్లు మొదలుపెడతారు. జనం కునికిపాట్లు పడకుండా చూడటం ఒక ఉద్యోగం. లోపలివాళ్లు ఊపిరి పీల్చుకునేదాకా కథను నిలబెట్టడం రెండోది. ఇంకొకటి ఉంది. పటేలు ముందు కూర్చుని ఉండగానే పటేలు మీద జోకు వేయడం. ఆ స్వతంత్రం రావణాసురుడికి కూడా లేదు, కేతిగాడికి ఉంది. పటేలు కోపం తెచ్చుకుందామన్నా చుట్టూ ఊరంతా నవ్వుతోంది. ఏం చేస్తాడు, తనూ నవ్వుతాడు.

నాటకంలోని హాస్యానికి ఉన్న బలం అక్కడుంది. వేదిక మీది మనిషి మనల్ని వింటున్నాడు.

కన్యాశుల్కం సంగతే తీసుకోండి. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు. గురజాడ దాన్ని బాగా పెంచి, మార్చి 1909లో మళ్లీ అచ్చువేశాడు. మనం చదువుకునేది ఆ రెండో రూపం. మధురవాణి ఇంట్లో మంచం కింద దాక్కునే రంగం మీకు తెలిసే ఉంటుంది. గిరీశాన్ని వెతుక్కుంటూ పూటకూళ్లమ్మ చీపురుతో వస్తుంది. దెబ్బ తగలాల్సిన గిరీశం తప్పించుకుంటాడు, రామప్ప పంతులుకి తగులుతుంది. పుస్తకంలో చదివితే చిరునవ్వు వస్తుంది. హాల్లో చూస్తే, చీపురు లేవక ముందే వెనక వరుసలోంచి ఓ ఆడమనిషి కిసుక్కుమంటుంది. ఆవిడకి కథ తెలుసు. ఆ కిసుక్కు వినగానే, కథ తెలియనివాళ్లు కూడా ఏదో రాబోతోందని సర్దుకుని కూర్చుంటారు. దెబ్బ పడేసరికి హాలంతా సిద్ధంగా ఉంటుంది.

గిరీశం వేషానికి పేరుపడ్డ జె.వి.రమణమూర్తి దశాబ్దాల పాటు ఆ నాటకం ఆడాడు. ఆయన అన్నగారు సోమయాజులు, మన శంకరాభరణం శంకరశాస్త్రి, అందులో రామప్ప పంతులు. చూసినవాళ్లే మళ్లీ మళ్లీ వచ్చి చూశారు. వాళ్లకి మాటలు కంఠతా వచ్చు. వచ్చినా నవ్వారు. ఎందుకంటే మాట ఒకటే అయినా, దాని ముందు ఆగే ఆగడం ప్రతి రాత్రీ వేరు. హాస్యం చేసే నటుడికి అసలు విద్య అదే. నవ్వు పూర్తిగా ఆరిపోకుండా, అలాగని మరీ పొంగుతుండగా కాకుండా, సరిగ్గా ఎప్పుడు తర్వాతి మాట వేయాలో చెవితో పసిగట్టాలి. తొందరపడితే మాట నవ్వులో కొట్టుకుపోతుంది. ఆలస్యమైతే దోశ మాడినట్టే. సినిమాకి ఈ బాధ లేదు, ఈ భాగ్యమూ లేదు. హాలు దద్దరిల్లి నవ్వుతున్నా తెరమీది మనిషి ఆగడు. తన పాటికి తను చెప్పుకుపోతూనే ఉంటాడు. రెండో జోకు ఎవరికీ వినపడదు. బయటికొచ్చి “ఆ తర్వాత ఏమన్నాడ్రా?” అని అడుక్కోవాలి.

నవ్వించడం తేలిక పని అనుకునేవాళ్లకి వరవిక్రయం చూపించాలి. కాళ్లకూరి నారాయణరావు రాసి వందేళ్లయింది. అందులో సింగరాజు లింగరాజు అనే పిసినారి కట్నం లెక్కలు వేస్తుంటే జనం విరగబడి నవ్వుతారు. నవ్వుతున్న జనంలో పెళ్లీడు కొడుకున్న తండ్రులుంటారు. నిన్ననే బేరం కుదుర్చుకొచ్చినవాళ్లూ ఉంటారు. పక్కనే కూర్చున్న భార్య ఓరకంట చూస్తుంది. ఆయన నవ్వు సగంలో దగ్గుగా మారుతుంది. ఆ దగ్గు కోసమే రచయిత అంత కష్టపడ్డాడేమో అని నా అనుమానం.

అదే కాళ్లకూరి రాసిన చింతామణి దగ్గరికొచ్చేసరికి వ్యవహారం బెడిసికొట్టింది. వేశ్యావ్యామోహం కొంపలెలా ముంచుతుందో చెప్పడానికి రాసిన నాటకం అది. ఊరూరా తిరగ్గా తిరగ్గా, సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ రచయిత రాయని మాటలు పేరుకుపోయాయి. చప్పట్లు పడ్డ ప్రతి బూతూ మర్నాటికి ఇంకోటి కన్నది. తమ కులాన్ని కించపరుస్తున్నారని ఆర్యవైశ్యులు బాధపడ్డారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శనలను నిషేధించింది. వ్యవహారం హైకోర్టుకెక్కింది. నా మటుకు నాకు, నాటకాన్ని ఆపడం కంటే అతికించిన మాటల్ని ఊడబెరకడం మేలనిపిస్తుంది. అయితే బాధపడ్డవాళ్ల మాట కొట్టిపారేయడానికి వీల్లేదు. హాలంతా నవ్వుతుంటే ఒక వరుసలో ఒక కుటుంబం తలదించుకుని కూర్చుందంటే, వేదిక మీదివాడు దాన్ని కూడా వినాలి. వినకపోతే అతనికీ ఫోనులో బొమ్మకీ తేడా ఏముంది?

ఇంత చెప్పి, గడ్డపోతారానికి నాటకం ఎక్కడినుంచి తెస్తామంటారా? దూరం పోనక్కర్లేదు. పటాన్‌చెరు దాటి కాస్త ముందుకెళ్తే లింగంపల్లి. సురభి కుటుంబాలు కాపురముండేది అక్కడే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కీచకవధతో మొదలుపెట్టిన నాటక సంప్రదాయం, తరాలు మారుతూ ఇక్కడిదాకా వచ్చింది. సురభి బాబ్జీగా అందరికీ తెలిసిన నాగేశ్వరరావుకి 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన పోయారు. తర్వాతి తరం ఆడుతూనే ఉంది. వాళ్ల మాయాబజార్ చూడని పిల్లలుంటే ఆ తల్లిదండ్రులు వెంటనే ఆ లోటు తీర్చాలి. ఘటోత్కచుడు భోజనాల మీద పడ్డప్పుడు, మాయ శశిరేఖ లక్ష్మణకుమారుణ్ని మూడు చెరువుల నీళ్లు తాగించినప్పుడు పిల్లలు నవ్వే తీరు చూడటానికే సగం టిక్కెట్టు ఇవ్వచ్చు. పెద్దవాళ్లు వేదికను చూస్తారు, కాసేపటికి పిల్లల్ని చూస్తారు, మళ్లీ వేదికను చూస్తారు.

ఇక్కడున్నవాళ్లలో సగం మందికి తెలుగే రాదు, నాటకం ఏం అర్థమవుతుందని ఓ సందేహం. నిజమే, ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవాళ్లు ఈ పారిశ్రామికవాడలనిండా ఉన్నారు. కానీ వాళ్లేమీ నాటకం ఎరగనివాళ్లు కాదు. నౌటంకీలో మున్షీజీ ఉన్నాడు. పక్కనే మహారాష్ట్ర తమాషాలో సోంగాడ్యా ఉన్నాడు. మన బుడ్డర్‌ఖాన్‌కి వాళ్లు వేలు విడిచిన మేనమామ కొడుకులు. లడ్డూ నోటిదాకా వచ్చి జారిపోతే నవ్వడానికి ఏ భాషా అక్కర్లేదు. మాట అర్థం కానివాడు పక్కవాణ్ని “క్యా బోలా?” అని అడుగుతాడు. పక్కవాడు చెప్తాడు. ఆలస్యంగా ఇంకో నవ్వు పుడుతుంది. ఏ ఇద్దరూ పలకరించుకోని చోట ఇది చిన్న విషయం కాదు. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగి 50 మందికి పైగా పోయినప్పుడు, వాళ్ల పేర్లూ, ఎక్కడెక్కడో ఉన్న వాళ్ల ఊళ్ల పేర్లూ పేపర్లో చదివాం. బతికున్నప్పుడు వాళ్లతో కలిసి ఒక జోకుకి నవ్వినవాళ్లం మనలో ఎంతమందిమి?

కాబట్టి వచ్చే వినాయక చవితికి మండపాలు వేసే కుర్రాళ్లకు ఒక మనవి. తొమ్మిది రోజుల్లో ఒక్కరోజు డీజే పక్కనబెట్టి ఓ హాస్యనాటిక పెట్టించండి. ముప్పావుగంట సరిపోతుంది. అయిదారుగురు నటులు, రెండు కుర్చీలు, ఒక మంచం ఉంటే చాలు. మంచం మాత్రం గట్టిది చూడండి, కింద మనుషులు దూరాలి కదా. షిఫ్టుల గొడవ ఉంది కనుక రెండాటలు వేయించండి. రెండో షిఫ్టు వాళ్లకోసం పొద్దున పదకొండింటికి ఒకటి, మొదటి షిఫ్టు వాళ్లకోసం సాయంత్రం ఆరింటికి ఒకటి. సినిమాకి మార్నింగ్ షో ఉన్నప్పుడు నాటకానికి ఉంటే తప్పేంటి? రాత్రి షిఫ్టు వాళ్లు నిద్ర చెడగొట్టుకుని ఏదో ఒకదానికి వస్తారులెండి.

అన్నింటికంటే ముఖ్యమైంది సోఫాల సంగతి. వేదిక ముందు పెద్దమనుషుల కోసం సోఫాలు వేసి, మధ్యలో కారు పట్టేంత జాగా వదిలేయకండి. సోఫాలో కూర్చున్నవాడు హోదా కొద్దీ నవ్వడు. అతను నవ్వకపోతే వెనకవాళ్లు జంకుతారు. పైనున్న నటుడికి చెమటలు పడతాయి. వేదికను ఆనుకుని చాపలు పరిచి పిల్లల్ని కూర్చోబెట్టండి. వాళ్ల వెనక ఆడవాళ్లు, ఆ వెనక మిగతా జనం, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా. సోఫాలు తప్పవంటే చివర్న, ప్రసాదం బల్ల పక్కన వేయించండి. పెద్దమనుషులకు అక్కడైతే గాలి కూడా బాగా తగులుతుంది.