రక్తం ఆగితే ప్రేగు మానినట్లేనా?

స్వయంభూ శంభులింగేశ్వరస్వామి ఆలయానికీ, సిమెంటు కర్మాగారాలకూ పేరు పొందిన ఊరు మా మేళ్లచెరువు. ఒకనాడు నల్లగొండ జిల్లాలో ఉండేది, 2016 నుండి సూర్యాపేట జిల్లాలో చేరింది. ఇక్కడ ఆయుర్వేద వైద్యం చేస్తున్న నా వద్దకు కోలనోస్కోపీ రిపోర్టులు సంచిలో పెట్టుకొని వచ్చే రోగులు కొన్నేళ్లుగా పెరుగుతున్నారు. వారిలో చాలామంది ఆ సంచి విప్పరు. "అది ఇంగ్లీషు వైద్యం కాయితం గదా సారూ, మీకెందుకు?" అంటారు. నేను కూడ చాలాకాలం విప్పమనలేదు. ఆ పొరపాటు ఎంతటిదో ఒక యువకుని వలన తెలిసివచ్చింది.

అతడు షిఫ్టు పనిచేసే కార్మికుడు. వయస్సు ఇరవై ఎనిమిది. రోజుకు ఎనిమిది తొమ్మిది సార్లు జిగట, రక్తంతో కూడిన విరేచనాలు. మూలశంక అనుకొని ఆరు నెలలు ఏవేవో మందులు మింగాడు. తరువాత హైదరాబాదులో పరీక్ష చేయించుకొనగా అల్సరేటివ్ కోలైటిస్ అని తేలింది. మెసాలమిన్ మాత్రలు వాడుతూ నా వద్దకు వచ్చాడు. కొడిశపాల పట్ట కషాయం, మారేడు పిందెల చూర్ణం, వెన్న తీసిన మజ్జిగ ఇచ్చాను. నెలన్నరలో రక్తం ఆగింది. "నెత్తురు ఆగింది గదా సారూ, ఇంకా ఆ గోలీలు మింగాల్నా?" అని అడిగాడు. "నీ ఇష్టం నాయనా" అన్నాను. నా మందు పనిచేసిందన్న సంతోషం నాచేత ఆ మాట అనిపించింది.

ఏడు నెలల తరువాత అతడిని ఆసుపత్రిలో చేర్చి రక్తం ఎక్కించవలసి వచ్చింది. మాత్రలు మానడమే ఏకైక కారణమని నేను చెప్పలేను. కాని ఈ వ్యాధి సద్దుమణిగిన దశలో మందు మానినవారిలో అది తిరగబెట్టే అవకాశం ఎక్కువ అన్నది వైద్యలోకానికి తెలిసిన విషయమే. అప్పుడు మొదటిసారిగా అతని పాత రిపోర్టును, క్రొత్త రిపోర్టును ప్రక్కప్రక్కన పెట్టుకొని చదివాను. మొదటిదానిలో వాపు ఎడమవైపు మలుపు వరకే ఉంది, తీవ్రత రెండవ శ్రేణి. రెండవదానిలో పెద్దప్రేగు అంతా వ్యాపించింది, తీవ్రత మూడవ శ్రేణి.

ఈ మాటల అర్థం రోగులందరూ తెలిసికొనవలసినది. అల్సరేటివ్ కోలైటిస్ సాధారణంగా పురీషనాళంలో మొదలై, నడుమ ఖాళీ లేకుండా పైకి ప్రాకుతుంది. పురీషనాళానికే పరిమితమైతే ప్రొక్టైటిస్ అనీ, ఎడమ ప్రక్కటెముకల క్రింద ప్లీహం వద్దనున్న మలుపు వరకు వస్తే లెఫ్ట్ సైడెడ్ కోలైటిస్ అనీ, అంతటా వ్యాపిస్తే ప్యాన్‌కోలైటిస్ అనీ వ్రాస్తారు. ఇది వ్యాధి ఎంత దూరం వెళ్లిందో చెప్పే మాట. ఎంత తీవ్రంగా ఉన్నదో చెప్పేది మేయో స్కోరు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 1987లో ప్రకటించిన పరిశోధన నుండి ఈ లెక్క వచ్చింది. సున్నా అంటే పొర మామూలుగా ఉన్నదని. ఒకటి అంటే కొద్దిగా ఎరుపెక్కి, రక్తనాళాల అల్లిక మసకబారినదని. రెండు అంటే ఆ అల్లిక కనబడకుండా పోయి, తాకితే రక్తం చిమ్మే స్థితి, పైపై ఒరపిడులు. మూడు అంటే తాకకుండానే రక్తం కారడం, వ్రణాలు. ఒకరికి చాలా దూరం వ్యాపించి తీవ్రత తక్కువగా ఉండవచ్చు, మరొకరికి పురీషనాళంలోనే మూడవ శ్రేణి ఉండవచ్చు. రెండూ కలిపి చదువుకొనవలెను.

"సూడోపాలిప్స్" అన్న మాట చూసి క్యాన్సరేమోనని ఒక తల్లి నా ఎదుట ఏడ్చింది. వెనుకటి తీవ్రమైన వాపు తగ్గేటప్పుడు వ్రణాల నడుమ దీవులవలె ఉబికి మిగిలిపోయిన పొర భాగాలవి, క్యాన్సరు కావు. నిజంగా చూడవలసిన మాట బయాప్సీ కాగితంలో ఉంటుంది. డిస్‌ప్లేసియా అని ఉంటే కణాలలో క్యాన్సరు దిశగా మార్పు మొదలైందన్నమాట, ఆలస్యం చేయరాదు. అందుకే పురీషనాళాన్ని దాటి వ్యాపించినవారు, బాధ లేకున్నా, లక్షణాలు మొదలైన ఎనిమిదేళ్లకు మరల కోలనోస్కోపీ చేయించుకొని, ఆపైన వైద్యుడు చెప్పిన వ్యవధిలో చేయించుకొంటూ ఉండవలెను. కాలేయపు పైత్యనాళాలు గట్టిపడే వ్యాధి కూడ ఉన్నవారికి ఎనిమిదేళ్ల గడువు లేదు, అది తెలిసిన నాటి నుండే పరీక్షలు అవసరం.

మన దేశంలో మరొక చిక్కున్నది. అమీబా వలన కూడ రక్త విరేచనాలూ, ప్రేగులో వ్రణాలూ కలుగుతాయి. దానిని కోలైటిస్ అనుకొని స్టెరాయిడ్లు ఇస్తే ప్రాణాపాయం. చిన్నప్రేగు, పెద్దప్రేగు కలిసేచోట వ్రణాలుంటే క్షయను, క్రోన్స్ వ్యాధిని అనుమానించాలి. నాడి పట్టుకొని వీటిని విడదీయగలనని నేను అనలేను, అనేవారిని నమ్మలేను.

ఇది పట్టణాల వ్యాధి, మన పల్లెలకు రాదు అనుకొనేవారున్నారు. హైదరాబాదులోని ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు ప్రేగు బాధలున్న ముప్పై వేల మందికి పైగా పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. గ్రామవాసులలోనూ ఈ వ్యాధి ఉన్నదని దానివలన స్పష్టమైంది.

ఇట్లు వ్రాయడం ఆయుర్వేదాన్ని తక్కువ చేయడం కాదా అని మిత్రులు అడుగవచ్చు. చరక సంహిత చికిత్సాస్థానంలో 15వ అధ్యాయం గ్రహణికి, 19వ అధ్యాయం అతిసారానికి కేటాయించబడ్డాయి. పిత్తాతిసారం ఉన్నవాడు పిత్తకరమైన ఆహారం మానకపోతే అది రక్తాతిసారంగా మారుతుందని అందులో చెప్పబడింది. బూరుగుతో చేసే పిచ్చాబస్తి కూడ అక్కడిదే. ఇంతటి శాస్త్రం రోగిని కళ్లు మూసుకొని చూడమనలేదు. దర్శనం, స్పర్శనం, ప్రశ్నం అన్నది మన పరీక్షాక్రమం. లోపలి పొరను కంటితో చూపించే సాధనం వచ్చినప్పుడు అదీ దర్శనమే కదా! జపాను వైద్యులు 2006లో ప్రకటించిన పరిశోధనను మనవారు తరచుగా ఉదహరిస్తారు. పసుపులోని కర్కుమిన్ తీసుకొన్న 43 మందిలో ఇద్దరికీ, ఉత్తుత్తి మందు తీసుకొన్న 39 మందిలో ఎనిమిది మందికీ ఆరు నెలలలో వ్యాధి తిరగబెట్టింది. కాని ఆ రెండు వర్గాలవారూ తమ మామూలు మాత్రలు మానలేదన్న సంగతి మాత్రం మనవారు చెప్పరు. వారికిచ్చినది వంటింటి చెంచాడు పసుపు కాదు, రోజుకు 2 గ్రాముల కర్కుమిన్.

కనుక నా అభిప్రాయం ఇది: కోలైటిస్ రోగి రిపోర్టు చూడకుండా కషాయం వ్రాసే వైద్యుడు తప్పు చేస్తున్నాడు. వాడుతున్న చూర్ణాల సంగతి ఆసుపత్రి డాక్టరుకు చెప్పని రోగి కూడ తప్పు చేస్తున్నాడు. విరేచనం కాకుండా బిగిసినట్లున్నదని సునాముఖి వాడటం, నడుము నొప్పికి దుకాణంలో నొప్పి మాత్రలు కొనడం ఈ రోగులకు తగవు. 2021లో వివిధ దేశాల నిపుణులు కూడి చికిత్సకు పెట్టిన గమ్యం లక్షణాలు తగ్గడం మాత్రమే కాదు, లోపలి పొర మానడం. ప్రతిసారీ కోలనోస్కోపీ చేయించుకొనే శక్తి అందరికీ ఉండదు. నడుమ నడుమ మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేయిస్తే వాపు ఉన్నదీ లేనిదీ కొంతవరకు తెలుస్తుంది. దానికీ ఖర్చున్నది, కాదనను. కాని రక్తం ఎక్కించుకొనే స్థితి వచ్చిన తరువాత అయ్యే ఖర్చు ముందర అది చిన్నది.

ఆ యువకుడు ఇప్పుడు ఆసుపత్రి మందులు వాడుతున్నాడు. నా మజ్జిగ, పథ్యం అక్కడి డాక్టరుకు తెలిసే సాగుతున్నాయి. మొన్న మూడవ రిపోర్టు తెచ్చి, అడగకుండానే సంచి విప్పాడు. మేయో ఒకటి.

"తగ్గినట్టేనా సారూ?" అన్నాడు.

"చాలా తగ్గింది. పూర్తిగా కాదు. గోలీలు మానవద్దు" అన్నాను.

కాగితం మడవబోయి ఆగి, "ఒకటి జిరాక్సు తీయించి మీ దగ్గర పెట్టనా?" అని అడిగాడు. పెట్టమన్నాను.